ఎవరి పిల్ల ఎవరి నోట

గురువారం పొద్దుగూకితే
కాశీబుగ్గలో, రైలు కట్ట అవతల
రత్నకుమారి వాకిట్లో చాప పడుతుంది.
జీడి బట్టీల నుంచి తిన్నగా అక్కడికే వస్తాం.
ఎంత ఆముదం రాసినా పిక్కల సొన ఆగదు,
వేళ్ళ కొసలు నల్లగా కాలి ఉంటాయి.
ఆ వేళ్ళతోనే ముసుగు సర్దుకుంటాం.
రేషన్ మిషను మా ముద్రలు పట్టదు.
'పైవోడి కాడ ఆ మిషను లేదులే' అంటుంది
కార్డులో పోలమ్మ, ప్రార్థనలో తబిత.

కట్టడి పెట్టింది కూడా ఆవిడే:
ఎవరి పిల్లల కోసం వాళ్ళు అడక్కూడదు.
'సొంత పిల్లకాడికొస్తే బేరం ఆడతావే నువ్వు.
పక్కదాని పిల్లకైతే ఒట్టినే అడుగుతావు.'

చేటలో చీటీలేసి తీసుకున్నాం, పన్నెండేళ్ళ కిందట.
నాకు కరుణమ్మ కొడుకు ఓబేదు వచ్చాడు.
ఆటో తోలతాడు. అద్దం మీద అందరు దేవుళ్ళూ ఉంటారు,
ఓ మూల, వైపరు తగిలే చోట, మన సిలువ.
ప్రభువా, ఆ మూల జాగా కొంచెం పెంచు
అని అడుగుతాను.
మధ్యలో హౌరా బండి వస్తే
ఎవరి నోట ఏ పేరుందో అక్కడే పట్టుకుని కూచుంటాం.
చివరి పెట్టె దాటాక
ఆ పేరు దగ్గర్నించే మళ్ళీ ఎత్తుకుంటాం.

నా కూతురు హెప్సిబా చీటీ తబితమ్మకి పడింది.

హెప్సిబా ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది.
'నాన్న పోయిన రాత్రి మీరంతా పాడుతూనే ఉన్నారు కదా'
అని ఒక్కసారే అంది, అరవలేదు.
ఆ ఆదివారం నుంచి దాని చెప్పులు
గుడి గుమ్మం దగ్గర కనబడలేదు.

నేను కట్టడి తప్పాను. ఎవరికీ చెప్పలేదు.
దుప్పటి లోపల, రాత్రుళ్ళు,
దాన్ని తిప్పు, నా కళ్ళు తీసుకో,
కళ్ళు చాలకపోతే ఈ చేతులు తీసుకో
అని, సంతలో లాగ.

తబితమ్మ ఒంట్లో నీరు చేరిన ఏడు
సూది గుచ్చింది హెప్సిబాయే.
నరం దొరక్క వెతుకుతుంటే ముసల్ది అందట:
'ఒలే, మొన్న కూడా నీ పేరు సెప్పినానే.'
'ఏటి లాభం మామ్మా?'
'లాభానికేటే, పేరు సెప్పడం?'
ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది నాకు.
నవ్వుతూనే గాజుగొట్టం సైజు గురించి,
వేరే దాని గురించి, మాట్లాడింది.

వానల్లో పోయింది తబితమ్మ.
పొగాకు డబ్బాలో దొరికింది చీటీ,
చెమటకీ చేతి నూనెకీ పేరు ఎప్పుడో చెరిగిపోయి.
అక్షరం రాని మనిషి,
మడతని బట్టి గుర్తుపట్టేది.

ఆ గురువారం చీటీ చాప మీదే ఉంది.
రత్నకుమారికి ఇప్పటికే ముగ్గురున్నారు.
కరుణమ్మ మోకాలు వాచి, మంచం మీంచే ఆమేన్ అంటోంది.
అందరూ నా వైపు చూసి
కట్టడి గుర్తొచ్చి చూపు తిప్పుకున్నారు.
నేను కొంగున కట్టి తెచ్చేశాను.

హెప్సిబా పెరట్లో చేతులు కడుక్కుంటోంది,
ఆస్పత్రి సబ్బుతో, మోచేతుల దాకా.
ఇటు తిరగలేదు.
'అమ్మా, ఇపుడు నా పేరు ఎవులు సెప్తన్నారు?'

పొయ్యి మీద అన్నం పొంగుతోంది.
ఓబేదు పేరు వచ్చింది నోటికి, అలవాటుకి.
చెప్పడానికి ఇంకేమీ లేక కొంగు ముడి విప్పాను.

తడి చేతులు లంగాకి తుడుచుకుని
చీటీ తీసుకుంది.
దీపం దగ్గరికెళ్ళి విప్పి చూసింది,
ఖాళీ కాయితాన్ని, చాలాసేపు.
తర్వాత
అదే మడత మీద మళ్ళీ మడిచి
నా చేతిలో పెట్టింది.